కంకణం పచ్చగానే ఉంది

రౌద్రి నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి

ఈ గనిలోకి చంద్రుడు రాడు. అయినా నేను తిథి వేసే రాస్తాను. నెత్తిమీద ఇంకా ఆకాశమున్నదని గుర్తుంచుకోవడానికి నాకు ఇంతకన్న ఉపాయం దొరకలేదు.

ఉదయం సుంకులమ్మా నేనూ కలిసి గని ముఖద్వారం దగ్గర గోనెతెరలు తడిపాము. పైనుంచి దిగే వడగాలి ఆ తడి గోనెల్లోంచి వడకట్టుకొని వస్తే తప్ప రోగులు పడుకునే గది చల్లబడదు. తాతల నాడు నాపరాయి తవ్విన గని ఇది. ఆ రాళ్ళు ఇళ్ళకు పోయాయి. ఆ ఇళ్ళు ఎండకు పోయాయి. రాయి తీసిన ఖాళీలో ఇప్పుడు మేము కాపురముంటున్నాము.

మేమిద్దరం ఇక్కడి నర్స్ ప్రాక్టీషనర్లము. జనం నన్ను పెద్దనర్సమ్మ అనీ, ఆమెను చిన్ననర్సమ్మ అనీ పిలుస్తారు. నేను చదువుకున్న రోజుల్లో మా వృత్తివారు రోగిని పరీక్షించి, రోగం తేల్చి, మందు రాసేవారు. ఇప్పుడు ఆ పనంతా పెట్టె చేస్తుంది. రోగి అందులో చేయి పెడితే చాలు, దానికి అన్నీ తెలుస్తాయి. మాకు మిగిలింది మాట ఒక్కటే.

ఆ మాటకు ఇక్కడొక ఆచారముంది. మొదట్లో పెట్టె తన గొంతుతో తానే చెప్పేది. ఒక రాతిపనివాడికి, నీ ఊపిరితిత్తులు రాతిపొడితో నిండిపోయాయి, ఇంతకాలమే మిగిలింది అని స్ఫుటమైన ఉచ్చారణతో చెప్పింది. అతడు పెట్టెకు దండం పెట్టి, మెట్లెక్కి, మిట్టమధ్యాహ్నపు ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు. ఆ ఎండలోకి వెళ్ళినవాడు తిరిగి రాడు. ఆనాటితో జనం పెట్టె నోరు కట్టించారు. అప్పటినుంచి నర్సమ్మ వచ్చి, మణికట్టు పట్టుకొని, తన నోటితో చెప్పాలి. చెప్పిన తరువాత ఆ ఇంటి అంబలి ఒక్క గుక్కయినా తాగి లేవాలి. అంబలి తాగని మాట చెల్లదు. ఆ మాట వెనక వచ్చే మందును కూడా ఎవరూ ముట్టరు.

ఈ రోజు ఈరమ్మ, మద్దిలేటి దంపతుల పసిబిడ్డ పోయింది. నిలవదని సుంకులమ్మే చెప్పింది, నిలవనప్పుడు ఒడిలో పెట్టుకున్నదీ ఆమే. తరువాత ఈరమ్మ ఇచ్చిన అంబలి తాగుతూ ఏడ్చింది. కన్నీళ్ళు లోటాలోకే పడ్డాయి.

"ఏడ్సమ్మా" అన్నది ఈరమ్మ, ఆమె వీపు నిమురుతూ. "నువ్వేడిస్తాంటే నాకు రోంత తేలికైతాంది."

అప్పుడే సుంకులమ్మ చేతి కంకణం ఎరుపెక్కింది. ఇది రెండవసారి.

మూడవసారి ఎరుపెక్కితే ఆమె ఈ పనిలో ఉండదు.

శ్రావణ శుద్ధ దశమి

తృప్తి పర్యవేక్షకుడు హిమకర్ ఈ ఉదయం ఒంటిని చల్లగా ఉంచే కోటు తొడుక్కొని మెట్లు దిగి వచ్చాడు. మృదువైన మనిషి. వచ్చీరాగానే తానే కడవ ఎత్తి ఒక గోనెతెర తడిపాడు.

ఆయన అమలు చేసే శాసనం క్రూరత్వం నుంచి పుట్టింది కాదు. మా వృత్తివారు శోకం మోసి మోసి, కొందరు పనిని, కొందరు ప్రాణాన్ని వదిలేశారు. అది చూసి చలించిన పెద్దలు, తృప్తి లేని చేయి రోగిని తాకరాదని నిర్ణయించారు. మూడేళ్ళుగా మా మణికట్లకు కంకణాలున్నాయి. నాడినీ, చెమటనూ, నెత్తుటి వేడినీ చదివి, మనసు నెమ్మదిగా ఉంటే పచ్చగా, కలతపడితే పసుపుగా, విరిగితే ఎర్రగా వెలుగుతాయి. ఏడాదిలో మూడుమార్లు ఎరుపెక్కిన వారికి విముక్తి. అంటే, వేరే వృత్తి. నా నాడి వయసుతో మందగించింది గనుక కంకణానికి నేను అందను. సుంకులమ్మ నాడి వాన పడిన వాగువంటిది.

"మీకు మూడు దారులున్నాయమ్మా" అన్నాడు హిమకర్. "గాజుతోటల్లో మొక్కల పని. లేదంటే బడిలో పిల్లలకు ఆరోగ్యపాఠాలు. అదీ కాదంటే ఉత్తరాన చల్లని కొండల్లో పెద్దాసుపత్రి ఉంది, అక్కడ పెట్టెల్ని చూసుకోవడమే. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇప్పుడు కోరుకుంటే మీకు నచ్చింది దొరుకుతుంది. మూడో ఎరుపు పడ్డాక మేమిచ్చిందే తీసుకోవాలి."

"నాకొద్దన్నా. నేనీడనే ఉంటా."

"ఈ పనిలో మీకు సంతోషముందా?"

"సంతోషమంటే ఏమో తెల్దు. మా నాయనకు మాట చెప్పినప్పుడు ఈ యవ్వ మా ఇంట్లో అంబలి తాగింది. తాగతా తాగతా కొంగుతో ముక్కు చీదింది. నేనప్పుడు ఇంతుంటి. పెద్దయినాక ఈ పనే చేయల్లని ఆ పొద్దే అనుకుంటి. ఏడుపొస్తాది, నిజమే. ఏడ్సినాక ఇంటికి పోతే బువ్వ సగిస్తాది, నిద్ర పడతాది. గాజుతోటలో వంకాయలు కోస్తా ఉంటే నాకు నిద్ర పట్టదన్నా."

"కంకణం అలా అనడం లేదు కదమ్మా."

"కంకణానికి నా మింద యాల అంత పగో!"

హిమకర్ నవ్వలేదు. "మా అమ్మ కూడా నర్సే" అన్నాడు. "కంకణాలు రాకముందు. ఓ రోజు పని నుంచి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచమ్మీద కూర్చుంది. అంతే, మళ్ళీ మాట్లాడలేదు. పదకొండేళ్ళు బతికింది. ఒక్క మాట లేదు."

ఆయన వెళ్ళేటప్పుడు మెట్ల దాకా వెళ్ళాను. సుంకులమ్మ పోతే ఇక్కడ ఏమవుతుందని అడిగాను.

"వకుళమ్మగారూ, ఇద్దరు లేని చోట కేంద్రం ఉంచరు. మిమ్మల్ని విశ్రాంతికి పంపిస్తారు. పెట్టెకు మళ్ళీ గొంతు ఇస్తారు."

శ్రావణ బహుళ విదియ

రోజూ స్నానం కాగానే పారాయణ చేయడం నాకు చిన్ననాటి అలవాటు. ఆ వేళ నా కంకణం ఎన్నడూ లేనంత పచ్చగా వెలగడం ఈ మధ్య గమనించాను. అన్ని వృత్తాలకూ కాదు, ప్రత్యేకించి కందానికి. కారణం ఆలోచిస్తే తేలిగ్గానే దొరికింది. కందపద్యంలో ఒకటీ మూడూ పొట్టిపాదాలు, రెండూ నాలుగూ పొడుగుపాదాలు. పొట్టిపాదానికి ఊపిరి తీసి, పొడుగుపాదానికి విడిస్తే, తీసినదానికన్న విడిచేది ఎక్కువవుతుంది. అలా నాలుగుసార్లు చేస్తే ఎంతటి గుండె అయినా నడకకు దిగుతుంది. నోరు కదపనక్కరలేదు, మనసులో అనుకున్నా చాలు.

పూర్వకవుల పద్యం ఇస్తే దాని రసం ఆమెను లాగుతుందని భయపడి, ఈ పనికోసమే నేనొకటి కట్టాను.

నిలకడ గల చూపులతో
వెలవెలబోయిన ముఖమును వీక్షించు తఱిన్
కలఁగకుమమ్మా మనసా
అలలడఁగిన మడుగు పగిది నణఁగి నిలువుమా

మధ్యాహ్నం సుంకులమ్మను కూర్చోబెట్టి చెప్పాను.

"పద్యం చదివితే ఎరుపు పోతాదా? ఏందవ్వా, తేలు మంత్రమా?"

"మంత్రం కాదమ్మీ. ఊపిరి లెక్క."

"'వీక్షించు తఱిన్' అంటే?"

"చూసే వేళ."

"అట్ల చెప్పొచ్చుగా మరి. ఎవర్నో పెళ్ళిచూపులు చూసేకి పోయినట్లుంది."

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. యతిస్థానంలో ఆగడం, దీర్ఘాన్ని దీర్ఘంగా ఉంచడం, గణం విరగకుండా ఊపిరి నడపడం సాయంత్రందాకా నేర్పాను. పాఠం పూర్తయ్యేసరికి ఆమె కంకణం లేతవరి మడిలా ఉంది.

చదువు సార్థకమైన రోజు ఇదే అనిపించింది. ఇన్నేళ్ళూ ఈ పద్యాలన్నీ ఎవరికోసం మోశానో అనుకునేదాన్ని.

శ్రావణ బహుళ నవమి

ఈ రోజు పరీక్ష ముసలి హుస్సేనప్పతో వచ్చింది. గుండె కవాటం బలహీనపడిందని పెట్టె తేల్చింది. ఇక ఆయన వేకువన పైకెక్కి పని చేయకూడదు, బతికినన్నాళ్ళూ మందు మానకూడదు. పైకి వెళ్ళి సూర్యోదయం చూసి దిగడమే ఆ మనిషి బతుకులోని వేడుక.

సుంకులమ్మ ఆయన పక్కన చాప మీద కూర్చొని మణికట్టు పట్టుకుంది.

"ఏమనె మీ పెట్టె?" అన్నాడు హుస్సేనప్ప. "నా రెండో పెండ్లికి ముహూర్తం పెట్టిందా?"

"పెట్టింది తాతా. పెండ్లికూతురే యాడా దొరకలేదంట."

ఆ తరువాత చెప్పవలసింది చెప్పింది. చెప్పే ముందు ఒకసారి, చెప్పాక ఒకసారి ఆమె పెదవులు సన్నగా కదిలాయి. ముసలాయన ముఖం గోడకేసి తిప్పుకున్నాడు. ఆయన గడ్డం వణికింది. నేను కంకణం వైపు చూశాను. పసుపు వైపు ఒరిగి, మళ్ళీ పచ్చబడింది.

"ఏందో నములుతాండావే పాపా" అన్నాడాయన కాసేపటికి, తేరుకొని. "వక్కాకా? నాగ్గూడా రోంత పెట్టు."

ఆమె నవ్వి, ఆయన భార్య ఇచ్చిన అంబలి తాగి లేచింది. బయటికి వచ్చాక నన్ను వాటేసుకుంది. "అవ్వా, పచ్చగానే ఉండాది సూడు! ఉంటానవ్వా, నేనీడనే ఉంటా!"

భాద్రపద శుద్ధ షష్ఠి

పది ఇళ్ళకు పైగా మాట చెప్పింది. ఒక్కసారీ ఎరుపు లేదు. ఈ పక్షంలో పసుపు కూడా లేదు. హుస్సేనప్ప మందు తప్పకుండా మింగుతున్నాడు. గోనెతెరలకు కొత్త గోనెలు వచ్చాయి. రాయవలసిన విశేషం వేరే ఏమీ లేదు. లేకపోవడమే విశేషం.

ఒక్క సంగతి. ఇదివరకు ఆమె అంబలి తాగాక ఆ ఇంట్లో కూర్చుండిపోయేది. నేను వెళ్ళి పిలుచుకురావలసి వచ్చేది. ఇప్పుడు లోటా కింద పెట్టగానే లేస్తోంది. పని త్వరగా సాగుతోందని సంతోషించాను.

ఆశ్వయుజ శుద్ధ చవితి

మొన్న మద్దిలేటికి మాట చెప్పారు. చెప్పింది సుంకులమ్మ, నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. బిడ్డ పోయి ఇంకా రెండు నెలలైనా నిండని ఇల్లు. అతని ఊపిరితిత్తులు రాతిపొడితో గట్టిపడ్డాయి.

ఆమె ఏ తప్పూ చేయలేదు. మణికట్టు పట్టుకుంది. గొంతు మెత్తగా ఉంది. దాచవలసింది దాచలేదు, చెప్పకూడనిది చెప్పలేదు.

"ఇంగెన్నాళ్ళు తల్లీ?" అని అడిగాడు.

"చలికాలం చూస్తావన్నా. ఎండాకాలం మాట చెప్పలేను."

మద్దిలేటి ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. పిలిచి పిలిచి, ఇంట్లో ఎవరూ లేరేమోనని కిటికీలోంచి తొంగిచూసే మనిషి అలా చూస్తాడు. ఆమె పెదవులు సన్నగా కదులుతున్నాయి. ఈరమ్మ అంబలి తెచ్చింది. సుంకులమ్మ తాగింది, లోటా కింద పెట్టింది, లేచింది.

నిన్న మిట్టమధ్యాహ్నం మద్దిలేటి చెప్పులు మెట్ల దగ్గర జతగా విడిచిపెట్టి, పైకి నడిచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఈరమ్మ వైద్యశాలకు వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది.

"నీ మాటల్లో తప్పేం లేదు చిన్ననర్సమ్మా" అన్నది. "అన్నీ బాగనే చెప్తివి. పెట్టె చెప్పినట్లే ఉండె."

ఆమె వెళ్ళాక మేమిద్దరం తడి గోనెల కింద కూర్చున్నాము. సుంకులమ్మ నేలకేసి చూస్తోంది. ఆమె కంకణం పచ్చగా, దీపంలా నిశ్చలంగా వెలుగుతోంది.

"ఇప్పుడు కూడా పద్యం చదువుతున్నావా?" అన్నాను.

"లేదవ్వా."

"మరి?"

"నేను మొదలుపెట్టేది లేదిప్పుడు. దానంతటదే మొదలైతాది. ఈరమ్మక్క గుమ్మంలోకి వచ్చేకాడికే 'నిలకడ గల' అని వచ్చేసింది."

"ఆపు తల్లీ. ఇవాళ్టికి ఆపు. ఎరుపెక్కితే ఎక్కనీ."

"యాడ పట్టుకొని ఆపేది? నేను మొదలుపెట్టింటే గదా ఆపేకి." ఆమె తన మణికట్టును రెండో చేత్తో పట్టుకొని, రోగి నాడి చూసినట్టు చూసుకుంది. "ఏడ్సాలని ఉండాదవ్వా. లోపల ఉండాది. నాలుగో పాదం కాడికి వచ్చేతలికి అణిగిపోతాది."

సుఖదుఃఖాలను సమంగా చూసే మనిషిని గురించి జీవితమంతా చదివాను, వ్యాఖ్యానాలతో సహా. ఆ నిశ్చలత్వం శోకాన్ని నిండా తాగి, దాటినవాడిది. నేను ఈ పిల్లకు నేర్పింది గడప దగ్గరే తలుపు వేయడం. రెండింటికీ ఊపిరి ఒకలాగే నడుస్తుంది. కంకణానికి ఆ తేడా తెలియదు. నాకు తెలిసి ఉండవలసింది.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

హిమకర్ వచ్చాడు, ఈసారి పైఅధికారుల ప్రశంసతో. మా కేంద్రపు తృప్తి అన్ని గనులలోకీ ఎక్కువగా తేలిందట.

"సుంకులమ్మగారు రెండు నెలలుగా ఒక్క పసుపు కూడా లేకుండా ఉన్నారు. ఎక్కడా లేదిది. ఇంత తృప్తిగా ఉన్నవాళ్ళకు జోడీ అవసరం లేదని పైవాళ్ళు ఒప్పుకున్నారు. చుట్టుపక్కల గనులకు కూడా ఆవిడే మాట చెప్పొచ్చు. పెట్టెకు గొంతు ఇవ్వాల్సిన పనే లేదు."

"ఇచ్చారు కదా నాయనా" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మద్దిలేటి సంగతి చెప్పాను. ఆయన నిజంగా బాధపడ్డాడు. కాని, రోగం ముదిరినవాళ్ళు అలా వెళ్ళడం ప్రతి గనిలోనూ ఉన్నదేననీ, నర్సమ్మ మాటలో లోపమున్నట్టు ఎవరూ అనలేదనీ అన్నాడు. అదీ నిజమే. ఎవరూ అనలేదు.

అప్పుడు అసలు విషయానికి వచ్చాడు. "ఆవిడకు మీరేదో పద్యం నేర్పారటగా. అది మాకివ్వండమ్మా. అన్ని గనుల నర్సులకూ నేర్పిస్తాం."

"ఇవ్వను."

"ఎందుకండీ?"

"ఆ పిల్ల పని నచ్చి పనిలోకి వచ్చింది. నచ్చడమనేది ఎక్కడుంటుందో ఏడుపూ అక్కడే ఉంటుంది నాయనా, ఒకే గదిలో. మీ కంకణం ఏడుపును చూసి, నచ్చలేదనుకుంది. నేను ఆ గదికి తాళం వేశాను. ఇప్పుడు అడుగు, ఈ పని నీకు నచ్చుతోందా అని."

హిమకర్ ఆమె వైపు తిరిగాడు. "నచ్చుతోందా అమ్మా?"

"బాగనే ఉండాదన్నా" అన్నది సుంకులమ్మ.

"గాజుతోటకు పోతావా?" అని నేనడిగాను. "ఇప్పటికైనా పో. అక్కడ చచ్చేవాళ్ళుండరు, పద్యం దానంతటదే మానేస్తుందేమో."

"యాడైనా ఒకటేలే అవ్వా. ఈడ పని తెలుసు గదా."

రెండున్నర నెలల కిందట ఇదే చోట, వంకాయలు కోస్తే నిద్ర పట్టదన్న మనిషి ఈమె. ఆ మాట ఆమెకు గుర్తుందో లేదో అడగలేదు. గుర్తుందంటే మరింత భయం.

హిమకర్ నా వైపు తిరిగి అన్నాడు: "అమ్మా, మీరు చెప్పింది కాదనలేను. కానీ ఒక్కటి చెప్పండి. మా అమ్మకు ఆ పద్యం తెలిసి ఉంటే, పదకొండేళ్ళు మాట్లాడకుండా ఉండేదా?"

దీనికి జవాబు ఈ చదువంతటిలో వెదికాను, దొరకలేదు.

"నేను చెప్తా అన్నా, నువ్వు పట్టుకో" అన్నది సుంకులమ్మ. ఆయన తెచ్చిన యంత్రం ముందు కూర్చొని పద్యం చదివింది. నేను నేర్పినట్టే చదివింది. నాకన్న బాగా చదివింది. వింటూ కళ్ళు తుడుచుకున్నది హిమకర్.

కార్తీక శుద్ధ తదియ

నలభై రోజులుగా దగ్గు. ఎన్నో ఏళ్ళు ఈ రాతిగాలి పీల్చినదాన్ని, రాకపోతే వింత. ఈ ఉదయం గోనెతెరలు తడుపుతుంటే కడవ ఎత్తలేక కింద పెట్టేశాను. సుంకులమ్మ ఏమీ అనకుండా నన్ను పెట్టె దగ్గరికి నడిపించింది. చేయి పెట్టాను.

తేలిన ఫలితాన్ని నేను చదవకూడదు. నర్సమ్మ అయినా తన మాట తాను చెప్పుకోరాదు. మరొకరి నోట వినాలి. ఈ నియమం సుంకులమ్మకు నేర్పింది నేనే. ఈ గనిలో మరొకరంటే ఒక్కతే ఉంది.

ఇవాళ మూడు గనులు తిరగాలట. తీరిక చూసుకొని చెబుతానన్నది.

కార్తీక శుద్ధ ద్వాదశి

ఇది రాసేనాటికి చెప్పి మూడు రోజులైంది.

ఆ ఉదయం వచ్చింది. చాప పరిచింది. పక్కన కూర్చొని నా మణికట్టు పట్టుకుంది. నేను నేర్పిన పట్టే: బొటనవేలు కింద, మూడు వేళ్ళు పైన, రోగికి బరువు తెలియకుండా. ఎందరి మణికట్లనో ఇలా పట్టుకున్నాను. పట్టుకోబడితే ఎలా ఉంటుందో ఎన్నడూ తెలియలేదు. వేళ్ళు వెచ్చగానే ఉన్నాయి.

ఆమె పెదవులు సన్నగా కదిలాయి.

నాకు తెలియకుండానే నా చెవి ఆ పెదవుల మీద నిలిచింది. పొట్టిపాదం, ఊపిరి లోనికి. పొడుగుపాదం, ఊపిరి బయటికి. ఎక్కడైనా తప్పాలని కోరుకున్నాను. ఒక యతి జారాలి, ఒక దీర్ఘం కుంగాలి. నా ముఖం చూసి ఒక్క గణమైనా విరగాలి. విరిగితే కంకణం ఎరుపెక్కుతుంది, మూడవ ఎరుపు, ఆమె వెళ్ళిపోవాలి, మూడు గనులలోనూ పెట్టె గొంతు విప్పుతుంది. అన్నీ తెలిసే కోరుకున్నాను. ఈ గనివాళ్ళందరికన్న ఆ ఒక్క తప్పు నాకు ముఖ్యమైపోయింది. శాస్త్రాలు చదివిన మనిషి చివరికి ఇంత స్వార్థపరురాలవుతుందని ఆ శాస్త్రాలలో ఎక్కడా లేదు.

"అవ్వా, ఊపిరితిత్తులు రెండూ గట్టిపడినాయి" అన్నది సుంకులమ్మ. "మందుతో ఆయాసం తగ్గుతాది. రోగం తగ్గదు. ఉగాది దాకా చెప్పగలను, ఆ తర్వాత చెప్పలేను. ఒక్కదాన్నే ఉన్నానని అనుకోవద్దు. పొద్దున సాయంత్రం నేనొస్తా."

ఒక్క మాటా తప్పు లేదు. నేను చెప్పి ఉన్నా ఇలాగే చెప్పేదాన్ని. ఆమె ముఖంలోకి చూశాను. చాలాసేపు చూశాను. అప్పుడు మద్దిలేటి ఏమి వెదికాడో తెలిసింది.

"సుంకులూ" అన్నాను. "నీ చిన్నప్పుడు, మీ నాయన దగ్గర నేను ముక్కు చీదాను, జ్ఞాపకముందా?"

"ఉంది అవ్వా."

"అప్పుడేమనిపించింది నీకు?"

ఆమె ఆలోచించింది. నిజాయితీగానే ఆలోచించింది, పాత పెట్టెలో వస్తువు వెదికినట్టు. "మంచిగా అనిపించిందని తెలుసు" అన్నది. "ఎట్లుండెనో గుర్తు రాలేదు."

లేచి, నా కుండలోని అంబలి నా లోటాలోనే పోసుకొని తాగింది. లోటా కడిగి బోర్లించింది. ఆచారం పూర్తయింది, నా మాట చెల్లింది.

అప్పుడు ఆమె చూపు నా చేతి మీద పడింది. మూడేళ్ళుగా నా ముసలి నాడిని పట్టలేకపోయిన కంకణం ఆ క్షణాన పట్టింది. నెత్తురు గడ్డలా ఎర్రగా వెలుగుతోంది. గదిలో ఆ వెలుగు ఒక్కటే ఎర్రన, ఆమెది పచ్చన.

"అవ్వా, కలత పడినావు" అన్నది మెత్తగా, మళ్ళీ కూర్చొని. "పద్యం చదువుకో. నాతో పాటు చదువు."

చదివాను. నిలకడ గల చూపులతో, ఊపిరి లోనికి. వెలవెలబోయిన ముఖమును, బయటికి. కలఁగకుమమ్మా మనసా, లోనికి.

అక్కడ ఆగిపోయాను. నాలుగో పాదం రాలేదు. నేను కట్టిన పద్యమే. ఎంత వెదికినా రాలేదు. పీల్చిన ఊపిరి విడవడానికి దారి లేక గుండెలోనే నిలిచిపోయింది. దగ్గు తెర వచ్చింది.

సుంకులమ్మ నా వీపు నిమురుతూ, ఆ పాదాన్ని అందించింది. అలలడఁగిన మడుగు పగిది నణఁగి నిలువుమా.

ఒక్క గణమూ తప్పలేదు.